అభ్యంతరం ఇచ్చినా మ్యాపు మారలేదా? ముందు ఆ డి.నెం. ఏమిటో చూడండి

మన బెజవాడ, గుంటూరు వైపు మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. కాలనీ అంతా సంతకాలు పెడుతుంది, కాగితం వెళ్తుంది, చివరి మ్యాపులో రోడ్డు గీత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. "మన మాట ఎవరు వింటారండీ" అని ఓ నిట్టూర్పు. వినకపోవడం ఉంది, కాదనను. కానీ నా దగ్గరికి తెచ్చే కాగితాల్లో చాలావాటిని అసలు వినడానికే వీల్లేకుండా రాసి ఉంటారు.

సమస్య: సోమవారం ఆఫీసుల్లో ఫిర్యాదులు తీసుకునేచోట అర్జీ ఇచ్చాం, "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, ఏమీ మారలేదు.

సోమవారం అర్జీ వీధి దీపానికీ, పొంగే డ్రైనుకీ పనికొస్తుంది. ముసాయిదా మీద అభ్యంతరం నోటిఫికేషన్‌లో రాసిన అధికారికి, అందులో ఇచ్చిన గడువులోపు చేరాలి. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ నోటిఫికేషన్ చదవరు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాపు ఫొటో చూసి పరిగెత్తుతారు. ఆ ఫొటో ముసాయిదాదా, ఆమోదమైపోయినదా అన్నది కూడా చూడరు. ఆమోదమైన ప్లాన్ మీద ఇక అభ్యంతరం ఉండదు, మార్పు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దారి వేరు, ఖర్చూ వేరు.

సమస్య: "ఇది మా పరిధి కాదు" అంటున్నారు.

నిజంగానే కాదేమో. జోనింగ్ (ఏ స్థలం దేనికి వాడాలన్నది), మాస్టర్ ప్లాన్ రోడ్లు సీఆర్‌డీఏవి, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థవి. పెద్దవాళ్లు ఇంకా ఉడా (పట్టణాభివృద్ధి సంస్థ) అంటారు గానీ, 1978 నాటి ఆ ఉడా స్థానంలో 2014 డిసెంబరులోనే సీఆర్‌డీఏ వచ్చింది. సందులు, డ్రైన్లు కార్పొరేషన్‌వి. ఏలూరు, బందరు, రైవస్ కాలవలు, బుడమేరు ఇరిగేషన్‌వి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచాక నాకు చూపించిన కాలవ అర్జీల్లో సగం కార్పొరేషన్ కమిషనర్ పేరున ఉన్నాయి.

సమస్య: సరైన ఆఫీసులోనే, గడువులోపే ఇచ్చాం. "సదరు నంబరులో ప్రతిపాదిత రోడ్డు లేదు" అని జవాబొచ్చింది. రోడ్డేమో కళ్లెదుట మ్యాపులో ఉంది!

నన్ను ముంచింది ఇదే. గుంటూరు పక్కన విలీన గ్రామంలో మా వదినగారి ఇల్లు. మ్యాపులో అరవై అడుగుల రోడ్డు సరిగ్గా ఆవిడ వరండా మీదుగా పోతోంది. అర్జీ నేనే రాశాను. పంచాయతీ కాలం నాటి పన్ను రసీదు చూసి "డి.నెం. 212/3" అని వేశాను. మన గుంటూరు వైపు భూమి దస్తావేజుల్లో డి.నెం. అంటే సర్వే నంబరు. పన్ను రసీదులో అదే డి.నెం. అంటే ఇంటి నంబరు. ఆఫీసులో నా 212/3ని సర్వే నంబరనుకుని, ఊరికి అవతల మిరప చేను ఉన్నచోట వెతికారు. అక్కడ రోడ్డు లేదు. లేదనే రాశారు. వాళ్ల జవాబులో తప్పేమీ లేదు, అదే నాకు మండింది. ఈలోపు గడువు దాటిపోయింది.

ప్లాను గీసేది సర్వే నంబర్ల మీద, ఇంటి నంబర్ల మీద కాదు. కాబట్టి పన్ను రసీదు పక్కన పెట్టి దస్తావేజు తీయండి. చివర్లో ఉండే షెడ్యూలులో సర్వే నంబరు, సబ్ డివిజన్, నాలుగు హద్దులు ఉంటాయి. బెజవాడ పాత ఊళ్లో అయితే టి.ఎస్. నంబరు (టౌన్ సర్వే నంబరు), బ్లాకు, వార్డు కనిపిస్తాయి. ఆ వార్డు రెవెన్యూ వార్డు. కార్పొరేటర్ ఎన్నికయ్యే 64 డివిజన్లతో దానికి సంబంధం లేదు, కలిపేయకండి. షెడ్యూలు అర్థం కాకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి పోల్చుకోండి.

అర్జీలో "డి.నెం." అని పొట్టిగా వద్దు. "సర్వే నంబరు" అని పూర్తిగా రాసి, కింద "ఇంటి నంబరు" విడిగా ఇవ్వండి. మ్యాపులో మీ ముక్క వరకు జిరాక్స్ తీసి ఎర్ర పెన్నుతో చుట్టండి. పక్కనున్న గుడో, వాటర్ ట్యాంకో గుర్తు రాయండి. రెండు వందల సంతకాలతో ఒకే కాగితం ఇస్తే అది ఒక్క అభ్యంతరంగానే నమోదు కావచ్చు. రోడ్డు ఎవరి స్థలం మీదుగా పోతుందో వాళ్లు ఎవరికి వారు తమ సర్వే నంబరుతో ఇవ్వడం మేలు. వదినగారి వీధిలో రెండోసారి అలాగే ఇచ్చాం. కొలతకి మనిషి వచ్చాడు. గీత మారిందా అంటే, సగం మారింది. వదినగారి వరండా మిగిలింది, కాంపౌండ్ గోడ పోయింది.

ఫైలు పోవడం, కోర్టు స్టే, పేరు తప్పు పడటం లాంటివి ఎక్కడో ఒకటి. వాటి గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. స్టాంపు వేసిన రసీదు ఉంటే, సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి "నా అభ్యంతరం మీద రాసిన రిమార్కు కాపీ ఇవ్వండి" అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాపీలో ముందు చూడాల్సింది, వాళ్లు ఏ నంబరు వెతికారో.