వాచ్ ఫేస్ సతాయిస్తోందా? ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. వాచ్ ఫేస్, అంటే స్మార్ట్‌వాచ్ స్క్రీన్ మీద టైమూ అంకెలూ చూపించే బొమ్మ, ఏదీ కొలవదు. అడుగులు లెక్కపెట్టేది లోపలున్న మోషన్ సెన్సార్, గుండె చూసేది వెనకాల ఉన్న పచ్చ లైటు, వాతావరణం తెచ్చేది ఫోన్లో ఉన్న యాప్. ఫేస్ వాటిని తీసుకొచ్చి చూపిస్తుంది అంతే, కరెంటు మీటర్ మీద అద్దం లాగ, అద్దం మారిస్తే రీడింగ్ మారదు కదా. మన బీచ్ రోడ్డులో పొద్దున్న నడిచే పెద్దవాళ్ళు చాలామంది అంకె తేడా వస్తే ఫేస్ మార్చేసి, ఇంకోటి మార్చేసి, ఆఖరికి వాచ్ పాడైపోయిందని డ్రాయర్లో పడేస్తున్నారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చాలావరకు రెండు సెట్టింగులు సరిచేస్తే పోయేదే.

అందుకని ఏ తేడా వచ్చినా మొదటి పరీక్ష ఇదే: కంపెనీ వాచ్‌తో పాటు ఇచ్చిన మామూలు ఫేస్ ఒకటి పెట్టి ఒక పూట చూడండి. తేడా పోయిందా, తప్పు ఆ పాత ఫేస్‌ది, తీసెయ్యండి. తేడా అలాగే ఉందా, ఫేస్‌ని వదిలెయ్యండి, సెన్సారో, సింకో (వాచ్ లెక్క ఫోన్‌కి చేరడం), పర్మిషనో ఎక్కడో ఆగింది.

"ఎండలో ఏమీ కనబడట్లేదు"

వైజాగ్‌లో ఇది మామూలే, సూర్యుడు సముద్రం మీంచి సూటిగా మన మొహం మీదకే వస్తాడు, ఆర్కే బీచ్ నుంచి పార్కు వైపు నడుస్తుంటే 7 దాటేసరికి స్క్రీన్ తెల్లగా మెరిసిపోతుంది. కారణం సగం బ్రైట్‌నెస్, సగం ఫేసే. సన్నటి గీతల అంకెలు, బూడిద రంగు అక్షరాలు, వెనకాల మనవడి ఫొటో పెట్టిన ఫేసులు ఇంట్లో ఎంత ముద్దుగా ఉన్నా ఎండలో పనికిరావు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లగానో పసుప్పచ్చగానో లావు అంకెలున్నది పెట్టండి, ఆటో బ్రైట్‌నెస్ ఉంటే ఆన్ చెయ్యండి, అది లేని చవక వాచీలయితే బయల్దేరేముందు చేత్తో పెంచుకోండి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, ఇన్‌స్టింక్ట్ 2 లాంటి వాటి స్క్రీన్ ఎండ వెలుగునే వెనక్కి కొడుతుంది కాబట్టి ఎండ ఎంత పెరిగితే అంత బాగా కనబడుతుంది, కానీ వాటిల్లో రంగులు తక్కువ, ఫొటో ఫేస్ పెట్టి అందం రాలేదంటే అది స్క్రీన్ స్వభావం.

చదివే అద్దాలు వాడేవాళ్ళకి ఇంకో మాట. ఒకే ఫేస్ మీద ఎనిమిది అంకెలున్నది తీసుకోవద్దు. టైము, అడుగులు, చార్జింగ్, ఈ మూడూ పెద్దగా ఉంటే చాలు. మిగతావి చాలా ఫిట్‌బిట్ ఫేసుల్లో స్క్రీన్‌ని ఒకసారి తడితే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఈ సంగతి తెలియక "నా దాంట్లో కాలరీలు లేవు" అనుకునేవాళ్ళు చాలామంది, ఒకసారి తట్టి చూడండి.

"చార్జింగ్ ఒక్కరోజుకే అయిపోతోంది"

ఇక్కడ ముందు మీ వాచ్ స్క్రీన్ ఏ రకమో తెలుసుకోవాలి, డబ్బా మీద రాసి ఉంటుంది. అమోలెడ్ అయితే నల్లగా ఉన్న చోట చుక్కలు పూర్తిగా ఆరిపోతాయి, కరెంటు తినవు, కాబట్టి నల్ల ఫేస్ పెడితే లాభం నిజంగా కనిపిస్తుంది. ఎల్సీడీ అయితే వెనకాల లైటు మొత్తం వెలుగుతూనే ఉంటుంది, నలుపు పెట్టినా తెలుపు పెట్టినా ఒకటే, అక్కడ స్క్రీన్ ఎంతసేపు వెలగాలి అన్న టైము తగ్గించడమే దారి.

అసలు దొంగ చాలాసార్లు ఆల్వేస్ ఆన్, అంటే చెయ్యి దించినా ఫేస్ ఆరకుండా ఉండటం. దాన్ని ఆపితే కొన్ని వాచీల్లో బ్యాటరీ రోజులు రోజులు పెరుగుతుంది. లేదు, నాకది కావాలి అంటే ఆ మోడ్‌లో చాలా తక్కువ చుక్కలు వెలిగే ఫేస్ ఎంచుకోండి, వాచీలు నడిపే తన సాఫ్ట్‌వేర్ వేర్ ఓఎస్‌కి ఫేసులు చేసేవాళ్ళకి గూగుల్ ఇచ్చిన సలహా కూడా అదే, చెయ్యి దించినప్పుడు 15 శాతం మించి చుక్కలు వెలగకూడదని. రెండో దొంగ కదిలే బొమ్మలు, చేపలు ఈదేవి, మబ్బులు కదిలేవి. మూడోది, నిమిషానికోసారి వాతావరణం అడిగే, వాచ్ కంపెనీ కాకుండా బయటివాళ్ళు చేసిన ఫేసులు.

సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి. ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, మాధవధార అన్నీ చుట్టి మళ్ళీ కొండ కిందకి 32 కిలోమీటర్లు, చాలామందికి రాత్రంతా పడుతుంది. జీపీఎస్ ఆన్ చేసి ఆల్వేస్ ఆన్ ఫేస్ కూడా పెడితే చిన్న వాచీలు తెల్లారేవరకు నిలవవు, సగం దారిలో ఆగితే మీ నడక లెక్క కూడా అక్కడితో ఆగిపోతుంది. ఆ రోజుకి మాత్రం నల్లటి సాదా ఫేస్, ఆల్వేస్ ఆన్ ఆఫ్, చెయ్యి ఎత్తితే వెలిగేది కూడా ఆఫ్ చేసి బటన్ నొక్కితేనే వెలిగేలా పెట్టండి, ఎందుకంటే చేతులు ఊపుతూ నడుస్తుంటే అడుగడుక్కీ స్క్రీన్ వెలుగుతుంది, ఫోన్లు వస్తే చూసుకోవడానికి ఎలాగూ ఫోన్ ఉంటుంది.

"అంకెలు అర్థం లేకుండా ఉన్నాయి"

ఎక్కువ మంది బెంగపడేది దీనికే, కానీ చాలాసార్లు అంకె సరైనదే, అది దేని లెక్కో మనకి తెలియదు.

కాలరీలు తీసుకోండి. పొద్దున్న 6 కి మంచం దిగకముందే ఫిట్‌బిట్ ఫేస్ మీద 300 పైన ఉంటుంది. అది తప్పు కాదండీ. మనం పడుకున్నా ఒంటికి గంటకి ఇంచుమించు కిలో బరువుకి ఒక కాలరీ ఖర్చవుతుంది, 60 కిలోల మనిషికి రాత్రి 12 నుంచి 6 దాకా లెక్కేసుకోండి. ఫిట్‌బిట్ అదీ కలిపే చూపిస్తుంది. యాపిల్ వాచ్‌లో ఎర్ర రింగు మాత్రం కదిలితే ఖర్చయ్యేవే లెక్కపెడుతుంది. అందుకే ఒకే ఇంట్లో మొగుడికి 2,100, పెళ్ళానికి 380 అని వచ్చి గొడవ, రెండూ వేరు లెక్కలు, పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంకోటి యాక్టివ్ జోన్ మినిట్స్. "నేను 20 నిమిషాలే పరిగెత్తాను, 40 చూపిస్తోంది" అని ఒకరు, "గంట నడిచాను, సున్నా" అని ఇంకొకరు. ఫిట్‌బిట్‌లో ఇది గుండె వేగాన్ని బట్టి నడుస్తుంది, మధ్యరకం శ్రమకి నిమిషానికి 1, గట్టి శ్రమకి నిమిషానికి 2. కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా నడిస్తే గుండె ఆ జోన్‌లోకి వెళ్ళకపోవచ్చు, అప్పుడు సున్నాయే వస్తుంది. వారానికి 150 అన్న టార్గెట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల మధ్యరకం వ్యాయామంతో సరిపోయేలా పెట్టింది. రోజూ తక్కువ వస్తోందంటే కైలాసగిరి మెట్లు ఎక్కండి, లేదా నడక జోరు కొంచెం పెంచండి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగే చెయ్యండి, వాచ్ అంకె కోసం పరిగెత్తొద్దు. అలాగే ఫిట్‌బిట్‌లో గంట గంటకీ వెలిగే చిన్న చుక్కలు గంటకి 250 అడుగులకి, యాపిల్‌లో నీలం రింగు గంటలో కనీసం ఒక నిమిషం లేచి కదిలినందుకు, అలా 12 గంటలకి. అమేజ్‌ఫిట్‌లో పాయ్ అని ఉండేది అడుగులు కాదు, గత 7 రోజుల గుండె శ్రమ లెక్క, అందుకే నిన్న కష్టపడ్డా ఇవాళ తగ్గినట్టు కనిపిస్తుంది, 100 కి తగ్గకుండా ఉంచుకోమంటారు.

గుండె అంకె కదలట్లేదు అంటే అది ఇప్పటిది కాకపోవచ్చు, ఆఖరిసారి కొలిచినది. ఫిట్‌బిట్ మామూలప్పుడు 5 సెకన్లకోసారి చూస్తుంది కానీ చాలా చవక బ్యాండ్లలో 10 నిమిషాలకో 30 నిమిషాలకో ఒకసారే, యాప్‌లో హార్ట్ రేట్ మానిటరింగ్ దగ్గర దాన్ని నిమిషానికి మార్చుకోవచ్చు, బ్యాటరీ మాత్రం కొంచెం తగ్గుతుంది. అంకె బదులు రెండు గీతలే వస్తున్నాయంటే పట్టీ వదులు, లేదా చెమట. మన ఊరి ఉక్కలో వాచ్ కింద చెమట చేరి సెన్సార్ మసకబారుతుంది, తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, మణికట్టు ఎముకకి ఒక వేలు పైకి పెట్టి బిగించండి.

అడుగులు ఫోన్లో ఒకటి వాచ్‌లో ఒకటి ఉన్నాయంటే సింక్ కాలేదు, యాప్ తెరిచి స్క్రీన్ కిందకి లాగండి. అప్పటికీ తేడా ఉంటే ఫోన్ తన అడుగులు తను వేరేగా లెక్కపెడుతోంది, వాచ్ లెక్కే తీసుకోండి, ఎందుకంటే ఫోన్ టేబుల్ మీద పెట్టి కూడా మనం ఇల్లంతా తిరుగుతాం.

"నేను వైజాగ్‌లో ఉంటే హైదరాబాద్ వాతావరణం చూపిస్తోంది"

ఇది ఉప్పాడ దగ్గర తుపాను ఉన్నప్పుడు కూడా ఎండ బొమ్మ చూపిస్తుంది కాబట్టి చిన్న విషయం కాదు. యాప్‌లో ఊరు చేత్తో పెట్టేసి ఉంటుంది, లేదా లొకేషన్ పర్మిషన్ లేదు. సూర్యోదయం చూపించే ఫేస్ ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా పట్టుకోవచ్చు, మనం హైదరాబాద్‌కి తూర్పున దాదాపు 5 డిగ్రీల దూరంలో ఉన్నాం, ఇక్కడ సూర్యుడు ఇంచుమించు 20 నిమిషాలు ముందే వచ్చేస్తాడు. బీచ్‌లో సూర్యుడు పైకి వచ్చేశాక కూడా ఫేస్ ఇంకా టైముందంటే ఊరు తప్పు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి లొకేషన్ ఎప్పుడూ అనుమతి ఇవ్వండి, యాప్‌లో పాత ఊరు తీసేసి విశాఖపట్నం పెట్టండి, ఒకసారి సింక్ చెయ్యండి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు రెండు టైములు చూపించే ఫేస్ పెట్టుకుంటారు, చాలా మంచి పని. కానీ నవంబర్ వచ్చేసరికి గంట తేడా వస్తుంది, అర్ధరాత్రి లేపేస్తారు. అక్కడ మార్చిలో గడియారం ఒక గంట ముందుకి, నవంబర్‌లో వెనక్కి తిప్పుతారు, డాలస్‌కి మనకి వేసవిలో 10.30 గంటలు, చలికాలంలో 11.30. ఫేస్‌లో గంటల తేడా అంకెగా పెట్టి ఉంటే అది మారదు. అంకె తీసేసి ఊరి పేరు ఎంచుకోండి, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది.

"కొత్త ఫేస్ ఎక్కట్లేదు, 90 శాతం దగ్గర ఆగిపోతోంది"

ఫేస్ బ్లూటూత్ మీద మెల్లగా వెళ్తుంది, మధ్యలో మీరు వాట్సాప్‌లోకి వెళ్తే షావోమీ, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ ఆదా అని వాచ్ యాప్‌ని చంపేస్తాయి, అక్కడితో సరి. ఆ యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్‌లో నో రిస్ట్రిక్షన్స్ పెట్టండి, ఆండ్రాయిడ్ 12 ఆ పైన అయితే నియర్‌బై డివైసెస్ పర్మిషన్ ఇవ్వండి, వాచ్ చార్జింగ్‌లో పెట్టి ఫోన్ పక్కనే ఉంచి, స్క్రీన్ ఆర్పకుండా ఎక్కించండి. అయినా ఆగితే రెండూ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి. అన్‌పెయిర్ చెయ్యడం, అంటే ఫోన్‌కీ వాచ్‌కీ జత విడదీయడం, ఆఖరి మాట, చేసేముందు తప్పకుండా సింక్ చెయ్యండి, లేకపోతే వాచ్‌లో ఉన్న లెక్క పోతుంది.

కొత్తది పెట్టగానే పాతది మాయమవుతోందంటే అది లోపం కాదు, ఫిట్‌బిట్ చార్జ్ 5 లాంటి బ్యాండ్లలో ఒక్క ఫేసే ఉంటుంది, వెర్సా 3, సెన్స్‌లలో 5 దాకా దాచుకోవచ్చు. పాత ఫేస్ కొత్త వాచ్‌లోకి రావట్లేదంటే కూడా కారణం ఉంది, శాంసంగ్ 2021 లో గెలాక్సీ వాచ్ 4 తో తన పాత వాచ్ సాఫ్ట్‌వేర్ టైజెన్ వదిలేసి వేర్ ఓఎస్‌కి వచ్చింది, టైజెన్ ఫేసులు ఇక్కడ పనిచెయ్యవు, వేర్ ఓఎస్‌లో కూడా 2026 జనవరి నుంచి కొత్త ఫార్మాట్‌లో చేసినవే ఎక్కుతాయి. యాపిల్ వాచ్‌లో అయితే బయటివాళ్ళ ఫేసులు అసలు ఒప్పుకోరు, ఉన్నవాటినే మార్చుకోవాలి.

"దానంతటదే మారిపోతోంది" అంటే తడి. స్నానంలో, వానలో, చొక్కా చెయ్యి తడిసినప్పుడు నీటి చుక్క స్క్రీన్ మీద వేలులా నొక్కుతుంది, ఫేస్ మార్చే తెర వచ్చేస్తుంది. వాటర్ లాక్, అంటే తడిలో స్క్రీన్ తాకినా పనిచెయ్యకుండా ఆపేది, వెయ్యండి, అక్కర్లేని ఫేసులు తీసేసి ఒకటే ఉంచండి.

"సెకన్ల ముల్లు ఆగిపోతోంది" అంటే ఏమీ చెయ్యక్కర్లేదు, చెయ్యి దించగానే బ్యాటరీ కోసం చాలా వాచీలు సెకన్లు దాచేస్తాయి, చెయ్యి ఎత్తితే మళ్ళీ నడుస్తుంది. నాడి చూసే నర్సులూ, సెకన్లు చూసుకుని ప్రాణాయామం చేసేవాళ్ళూ మాత్రం ఎప్పుడూ సెకన్లు చూపిస్తుందో లేదో కొనేముందు షాపులోనే చూసుకోండి.

ఆఖరిది డబ్బులూ పర్మిషన్లూ. బయటివాళ్ళు చేసిన కొన్ని ఫేసులు ఉచితం అని ఎక్కి కాసేపటికి స్క్రీన్ మీద కోడ్ చూపించి డబ్బులడుగుతాయి, నచ్చితే కట్టండి, చేసినవాడి కష్టం అది, నచ్చకపోతే తీసేసి వేరేది పెట్టుకోండి. కానీ ఎక్కించేటప్పుడు ఏం అడుగుతోందో చదవండి. అడుగులు చూపించే ఫేస్ అడుగులు అడగడం, గుండె చూపించేది గుండె అడగడం, వాతావరణం చూపించేది లొకేషన్ అడగడం సబబే. ఉత్త టైము చూపించే ఫేస్ మీ కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వకండి, అది లేకపోతే నడవనంటే ఆ ఫేసే తీసెయ్యండి.