మియాగాసె డ్యామ్‌కి వెళ్తున్నారా? ఏటి ఒడ్డున జాగ్రత్త

టోక్యో, యోకొహామా వైపు ఉంటూ ఈ వేసవిలో పిల్లలతో మియాగాసె డ్యామ్‌కి వెళ్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కనగావాలో నకత్సు నది మీద 156 మీటర్ల ఎత్తున కట్టిన డ్యామ్ అది. వరదను ఆపుతుంది, తాగునీరిస్తుంది, కరెంటూ తీస్తుంది. నిల్వ సుమారు 6.8 టీఎంసీలు. తప్పకుండా చూడాల్సిందే. అయితే డ్యామ్ పైన పిల్లల చెయ్యి వదలనివాళ్లు కూడా కింద ఏటి ఒడ్డుకు రాగానే నిశ్చింతగా కూర్చుంటారు. అసలు ప్రమాదం అక్కడే.

ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా, ప్రకటించిన రోజుల్లో సందర్శకుల కోసం ఆరు నిమిషాలపాటు నీళ్లు వదులుతారు. సెకనుకు 30 ఘనపు మీటర్లు, మన లెక్కలో వెయ్యి క్యూసెక్కుల పైమాటే. ఎదురుగా వంతెన మీద నిలబడితే తుంపర ముఖానికి కొడుతుంది, ఫోన్ తడవకుండా చూసుకుంటే చాలు. వానను బట్టి రద్దు చేస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి.

భయపడాల్సింది వాననీటికి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన వాన కాసేపట్లో మీ కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది. 1999 ఆగస్టు 14న మియాగాసె ఉన్న ఈ తన్‌జావా కొండల్లోనే, కురొకురా నది మధ్య దిబ్బ మీద టెంట్లు వేసుకున్న 18 మంది కొట్టుకుపోయారు. 13 మంది చనిపోయారు, వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. ముందురోజే డ్యామ్ సిబ్బంది, పోలీసులు వచ్చి ఖాళీ చేయమన్నారు. పైనున్న చిన్న డ్యామ్‌కి ఆ వరదను ఆపే శక్తి లేదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో, లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది పోయిన సంగతి మనకు తెలిసిందే. బండల మీద ఫోటోలు తీసుకుంటుండగానే నీళ్లు చుట్టుముట్టాయి.

అందుకే నది మధ్య దిబ్బ మీద చాప పరచకండి, ఎంత అందంగా ఉన్నా సరే. జపాన్‌లో నీళ్లు వదిలే ముందు సైరన్ మోగిస్తారు, మైకులో చెబుతారు. ఆ జపనీస్ మాటలు అర్థం కాకపోయినా సైరన్ వినగానే లేచి గట్టెక్కండి. పొయ్యి, కూలర్ సర్దుకుంటూ కూర్చోవద్దు. సైరన్ వినిపించకపోయినా సరే, నీళ్లు బురదరంగులోకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఇందాక కనిపించిన రాయి మునిగినా అదే హెచ్చరిక. అవతలి ఒడ్డున సామాను ఉండిపోతే వదిలేయండి, ఏరు దాటొద్దు. ఎవరైనా చిక్కుకుంటే 119కి ఫోన్ చేయండి, మీరు దిగకండి.

ఇంకోమాట, ఈ కొండల్లో జలగలెక్కువ. వాన పడ్డాక ఆకులు పరుచుకున్న బాటల్లో నడిస్తే సాక్సుల్లోకి దూరతాయి. పొడుగు సాక్సులు వేసుకుని ఉప్పునీళ్ల స్ప్రే దగ్గర పెట్టుకోండి, బస్సెక్కే ముందు పిల్లల కాళ్లు ఒకసారి చూడండి. హోన్‌అత్సుగి స్టేషన్‌కి తిరుగు బస్సు టైము వెళ్లేటప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.