సర్వర్‌లెస్ పెట్టేముందు రీజియన్ చూసుకోండి

అనంతపురంలో చీనీ (బత్తాయి) రైతులకు రోజువారీ ధరలు చూపించే చిన్న యాప్ చేస్తూ నేర్చుకున్న సంగతి ఇది. సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ (మన కోడ్‌ను అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లోకి ఎక్కించే టూల్) కొత్తగా పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది.

సెట్టింగ్స్ ఫైల్లో ప్రొవైడర్ కింద రీజియన్ (కోడ్ నడిచే డేటా సెంటర్లున్న ప్రాంతం) రాయకపోతే, మామూలుగా కోడ్ అమెరికాలోని నార్త్ వర్జీనియాకు వెళ్లిపోతుంది. డిప్లాయ్ (కోడ్ క్లౌడ్‌లోకి ఎక్కడం) అయిందనే వస్తుంది, కానీ ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లో ముంబై తెరిచి చూస్తే ఏమీ కనపడదు. ఒక సాయంత్రమంతా నాకు అదే టెన్షన్. మన జిల్లాలవాళ్లు వాడే యాప్‌కు ముంబై, అంటే ఏపీ-సౌత్-1, దగ్గర. హైదరాబాద్ కూడా 2022 నుంచి ఉంది, కాకపోతే అకౌంట్‌లో ముందు ఎనేబుల్ చేసుకోవాలి.

ఒకసారి డిప్లాయ్ చేసేశాక ఫైల్లో రీజియన్ మారిస్తే పాతది కదిలి రాదు. ముంబైలో ఇంకొకటి తయారవుతుంది, వర్జీనియాలోది అలాగే ఉండిపోతుంది. అందుకే ఫైల్లో పాత రీజియన్ ఉండగానే రిమూవ్ కమాండ్ ఇవ్వండి, ఆ తర్వాతే మార్చండి. అదే ఫైల్లో డైనమోడీబీ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్) టేబుల్ కూడా రాసుకుని ఉంటే మాత్రం ముందు డేటా కాపీ తీసుకోండి. రిమూవ్‌తో మామూలుగా అదీ పోతుంది.

అన్నట్టు, రూట్ అకౌంట్ (అన్ని అధికారాలూ ఉండే ఏడబ్ల్యూఎస్ ప్రధాన అకౌంట్) కీలు వాడొద్దు. వేరే ఐఏఎం యూజర్ (కావలసిన అనుమతులే ఇచ్చే విడి లాగిన్) చేసుకోండి.