కడప నుంచి గావ్దోస్ ద్వీపపు త్రిపితీ తీరానికి

గ్రీసు అనగానే తెల్లటి ఇళ్ల సాంతోరినీ గుర్తుకు వస్తుంది గాని, జనసందడి లేని సముద్రతీరం కావాలనుకునేవారు క్రీటు ద్వీపానికి దక్షిణంగా ఉన్న గావ్దోస్‌కు వెళ్లడమే మేలు. ఐరోపాకు దక్షిణపు కొసగా చెప్పుకునే త్రిపితీ తీరం ఆ చిన్న ద్వీపంలోనే ఉంది.

గ్రీసుతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము 90 యూరోలు; 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా తప్పనిసరి. సామానులో చెనిక్కాయల పొడి పెట్టుకోవచ్చు గాని, పాల ఉత్పత్తులను బయటి దేశాల నుంచి ఐరోపాలోకి తీసుకుపోనివ్వరు కనుక నెయ్యి డబ్బాను ఇంట్లోనే వదిలేయాలి.

కడపవాసులు చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఏథెన్స్ చేరి, పిరేయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కితే తెల్లవారేసరికి క్రీటులోని హానియా దగ్గర దిగవచ్చు. అక్కడి నుంచి, గావ్దోస్ పడవ ఎక్కాల్సిన స్ఫాకియా రేవుకు బస్సు కొండలు దాటుతూ మలుపులు తిరుగుతుంది. గువ్వలచెరువు ఘాటులోనే కడుపు తిప్పేవారు ముందుగా మాత్ర వేసుకోవాలి.

గావ్దోస్ పడవ విషయంలోనే అసలు జాగ్రత్త అవసరం. జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలి ముదిరితే పడవలు నిలిపివేస్తారు. మేము ఒక్కరోజే చేతిలో ఉంచుకుని వెళ్లి, పడవ ఆగిపోవడంతో తిరుగు విమానం పోగొట్టుకున్నాము. కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. జూన్ గాని సెప్టెంబరు గాని ఎంచుకుంటే ఇంకా మంచిది.

గావ్దోస్‌లోని కారవే రేవులో దిగి, ముందుగా మాట్లాడుకున్న బండిలో వత్సియానా పల్లెకు చేరుకున్నాక, త్రిపితీకి కాలిబాటన దిగాలి. దారి పొడవునా రాళ్లే. నీడ అరుదు, దుకాణం లేదు. కడప ఎండ చూసినవాళ్లమన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే గాలికి చెమట ఆరిపోతూ దాహం తెలియనివ్వదు. మనిషికి 3 లీటర్ల నీళ్లు, గట్టి అడుగున్న బూట్లు, టోపీ ఉండాలి, పొద్దున్నే బయలుదేరాలి.

చివర గులకరాళ్ల తీరం, దాని పక్కన మూడు కమానులుగా తొలిచినట్టున్న బండ కనిపిస్తాయి. ఆ బండపైన ఒక పెద్ద కుర్చీ ఉంది. అందులో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు, ఎదురుగా లిబియా దాకా నీళ్లే. గాలి బలంగా ఉన్నప్పుడు మాత్రం పైకి ఎక్కకూడదు. తిరుగు దారి అంతా ఎక్కుడే కనుక సగం నీళ్లు దానికే మిగుల్చుకుని, బండి వత్సియానాకు మళ్లీ ఎన్ని గంటలకు వస్తుందో దిగేటప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి.