చెవిలో హోరుకి కరెంటు వైద్యమా? బండెక్కే ముందు ఇవి చూసుకోండి

దసరా, దీపావళి దగ్గరికొచ్చాయి. డీజే బండి పక్కన గంటసేపు నిలబడి ఇంటికొచ్చి పడుకుంటే చెవిలో కీచురాయి మొదలవుతుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. సర్దుకోనివాళ్ళకి ఈమధ్య ఫోన్లో ఒక ఆశ కనిపిస్తోంది: లోపలి చెవికి కరెంటు పెడితే హోరు ఆగిపోతుందట. మా పర్లాకిమిడి నుంచి విశాఖకో బరంపురం మెడికల్ కాలేజీకో పరిగెత్తే ముందు కొంచెం ఆగండి.

అన్నిటికంటే ముందు, ఇంట్లో ప్రయోగాలొద్దు. మా మావయ్య ముప్పై ఏళ్ళు రైస్ మిల్లులో పనిచేశాడు. కుడి చెవిలో ఎప్పుడూ ఈల. మోకాళ్ళ నొప్పికి కొన్న కరెంటు మిషను ప్యాడ్లు ఒకరోజు చెవుల వెనక అంటించుకున్నాడు. రెండు నిమిషాల్లో గది గిర్రున తిరిగి, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. ఈల మాత్రం అలాగే ఉంది! లోపలి చెవిలో వినికిడి పక్కనే బ్యాలెన్సు చూసే భాగం ఉంటుంది. కరెంటు దాన్నీ కదుపుతుంది. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా కూడా చెవుల్లో లోహపు కడ్డీలు పెట్టుకుని కరెంటు పంపుకున్నాడు. తలలో దెబ్బ తగిలినట్టయి, చిక్కటిదేదో కుతకుత ఉడుకుతున్న చప్పుడు వినిపించిందని 1800లో రాశాడు. అది ప్రమాదమేమోనని భయపడి ఆ ప్రయోగం ఎక్కువసార్లు చేయలేదు.

డాక్టర్లూ ప్రయత్నించారు. లోపలి చెవి దగ్గర డైరెక్ట్ కరెంటు (ఒకే వైపు పారేది) పెడితే కొందరికి హోరు తగ్గింది. కానీ అది ఎక్కువసేపు పారితే లోపలి కణజాలం దెబ్బతింటుంది. అందుకే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్లో అటూ ఇటూ సమంగా పారే చిన్న పల్సులే వాడతారు. ఆ ఇంప్లాంట్ వినికిడి బాగా తగ్గిపోయినవాళ్ళ కోసం. పెట్టించుకున్నవాళ్ళలో చాలామందికి హోరు కూడా తగ్గుతుంది, కొద్దిమందికి పెరుగుతుంది. ఆ చెవిలో మిగిలిన వినికిడి పోవచ్చు కూడా. చెవులు బాగానే వినపడుతూ హోరు ఒక్కటే ఉన్న మనిషికి ఎవరైనా ఆపరేషన్ చేసేద్దామంటే, నా మాట విని ఇంకో డాక్టర్ని అడగండి. ఆపరేషన్ ఖాయమైతే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా న్యూమోకోకల్ టీకా ముందే వేయించుకోవాలి. తర్వాత ఎంఆర్ఐ తీయాల్సొస్తే ఎలాగో కూడా అప్పుడే అడగండి.

నాలుక మీద సన్నగా కరెంటు పెడుతూ చెవిలో శబ్దాలు వినిపించే లెనైర్ అనే మిషను వేరు. దానికి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అది లోపలి చెవిని ముట్టుకోదు. రెండూ ఒకటేనని అమ్మేవాళ్ళని నమ్మొద్దు.

వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీ పట్టుకెళ్ళండి. ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో వాడినా హోరు వస్తుంది. గుబిలి అడ్డుపడినా వస్తుంది, తీసేస్తే పోతుంది. ఆడియోమెట్రీకి (వినికిడి పరీక్షకి) ముందురోజు మిల్లు, డీజే, టపాకాయల దగ్గరికి పోవద్దు. పోతే వినికిడి తాత్కాలికంగా తగ్గి, రిపోర్టు తప్పుగా వస్తుంది.

హోరు నాడితో పాటు టక్‌టక్‌మని కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా డాక్టర్‌కి విడిగా చెప్పండి. పొద్దున లేచేసరికి ఒక చెవి హఠాత్తుగా వినపడకుండా పోతే మాత్రం పండగ వెళ్ళాక చూద్దామనుకోవద్దు. దానికిచ్చే స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. దగ్గర్లో ఉన్న ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్ళండి.