పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి ఎక్కితే ఎలా గుర్తుపట్టాలి, ఆ రోజు ఏం చేయాలి?

రోహిణి కార్తెలో మా నాయన మూత్రం మంటగా ఉందంటే ఇంట్లో అందరం అన్న మాట ఒకటే, "వేడి చేసింది". మా పొదిలి ఎండల్లో ఆ మాట అనని ఇల్లు ఉండదు కదా. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాం, బార్లీ కాచి ఇచ్చాం, నాలుగు రోజులు గడిచిపోయాయి. ఐదో రోజు సాయంత్రం మంచం మీద కూర్చుని ఒకటే వణుకు. ఫ్యాను ఆపి రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి, నీళ్ల గ్లాసు చేతికిస్తే నిలబట్టుకోలేక సగం పంచె మీదే ఒలకబోసుకున్నాడు. నన్ను చూసి మా మేనత్త పేరు పెట్టి పిలిచాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ వేసి సెలైన్ పెడితే తెల్లారేదాకా చూద్దాంలే అనుకున్నాం. ఆ రాత్రి మేం పోగొట్టుకున్న గంటల గురించే ఇదంతా రాస్తున్నాను.

తర్వాత ఆసుపత్రిలో రక్తం కల్చర్‌లో, అంటే రక్తాన్ని సీసాలో ఉంచి బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షలో, బయటపడింది ఈ. కొలి అనే బ్యాక్టీరియా. మన పేగుల్లో ఎప్పుడూ ఉండేదే. క్లెబ్సియెల్లా, ఎంటెరోకోకస్ అనే బ్యాక్టీరియాలు కూడా అక్కడ కాపురం ఉండేవే, పేగుల్లో ఉన్నంతసేపూ వాటితో మనకి గొడవ లేదు, ఇల్లు దాటి మూత్రంలోకో పిత్తంలోకో చేరి అక్కడినుంచి రక్తంలోకి ఎక్కితేనే ప్రాణం మీదికొస్తుంది. ఈ. కొలి రక్తంలోకి వెళ్లడానికి ఎక్కువగా దొరికే దారి మూత్రమే. ప్రోస్టేట్ వాచి మూత్రం పూర్తిగా పోని మగవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, యూరిన్ పైపు పెట్టించుకున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పిత్తాశయంలో రాయి జారి నాళానికి అడ్డుపడ్డా, అపెండిక్స్ పగిలినా, కీమోథెరపీతో తెల్ల రక్తకణాలు పడిపోయినా ఇదే జరగొచ్చు.

మొదట: వణుకుని మామూలు జ్వరం కింద జమకట్టొద్దు

దుప్పటి కప్పినా ఆగని వణుకు, దాంతోపాటు మనిషి తికమకగా మాట్లాడటం, ఈ రెండూ కలిసి కనిపిస్తే ఇంకేమీ ఆలోచించొద్దు. ఫోన్‌లో టైమ్ పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో, అంటే ఛాతీ, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి 22 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ప్రమాదం. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పై అంకె 100కి గానీ కిందికి గానీ పడిందేమో చూడండి. పొద్దుటినుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో అడగండి, చేతులు కాళ్లు చల్లబడ్డాయా, పెదాలు, గోళ్లు రంగు మారాయా అని వెలుతురులో చూడండి. ముసలివాళ్లలో ఒక్కోసారి జ్వరమే రాదు, ఒళ్లు మామూలుకన్నా చల్లగా, 96.8 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉండొచ్చు. థర్మామీటర్ చూసి జ్వరం లేదులే అని ఊరుకుంటే మోసపోతాం. అన్నం మానేసి, పిలిస్తే పలక్కుండా పడుకున్నారంటే అది కూడా లెక్కే.

బయల్దేరేటప్పుడు

తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండి ఎక్కించండి. మా వైపు ఒంగోలులోనూ నెల్లూరులోనూ మెడికల్ కాలేజీలతో కలిసి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటుకి వెళ్లేటట్టయితే ముందు ఫోన్ చేసి రెండే అడగండి: ఐసీయూ ఉందా, బ్లడ్ కల్చర్ చేస్తారా. ఆధార్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, వాడే మందుల చీటీలు ఒక కవర్లో పడేసుకోండి. అంతకుముందు ఎవరు ఏ ఇంజెక్షన్ వేశారో, ఎన్నింటికి వేశారో, ఖాళీ వయల్ (ఇంజెక్షన్ మందు సీసా) దొరికితే దాంతో సహా పట్టుకెళ్లండి. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లామని చెబితే డాక్టరు తిడతారేమోనని దాచేవాళ్లని చాలామందిని చూశాను. దాచొద్దు, ఆ ఒక్క సమాచారంతో కల్చర్ రిపోర్టుకి అర్థమే మారిపోతుంది.

అసలైన పని: యాంటీబయాటిక్‌కి ముందు రక్తం తీయించడం

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్లాక రక్తం తీస్తే బ్యాక్టీరియా సీసాలో పెరగకపోవచ్చు, అప్పుడు శత్రువు ఎవరో తెలీకుండానే మందులు మారుస్తూ పోవాల్సి వస్తుంది. నాయనకి ఆసుపత్రిలో నర్సమ్మ ఎలా తీసిందో ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. చిన్న సీసాల మూతలు ఊడదీసి, పైన రబ్బరుని స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చింది, కుడి చేతిని మందుతో రుద్ది అది కూడా ఆరేదాకా ఆగింది, మళ్లీ వేలితో తాకలేదు. సీసాకి దాదాపు 10 మిల్లీలీటర్లు. తర్వాత ఎడమ చేతినుంచి మళ్లీ అంతే. అంత రక్తమా అని మా తమ్ముడు గాభరా పడ్డాడు గానీ, రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉంటుంది, తక్కువ తీస్తే దొరక్కుండా పోతుంది. రెండు చేతులనుంచి తీసేది ఎందుకంటే, చర్మం మీది బ్యాక్టీరియా ఒక సీసాలో పొరపాటున పడితే రెండోదానితో పోల్చి తేల్చుకోవచ్చు.

అయితే కల్చర్ పేరు చెప్పి మందు ఆలస్యం కానీయొద్దు. బీపీ పడిపోయిన మనిషికి గంటలోపే యాంటీబయాటిక్ పడాలి, రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే. "సార్, కల్చర్‌కి తీశారా?" అని మర్యాదగా ఒక్క మాట అడగండి చాలు. యూరిన్ కల్చర్ కూడా అప్పుడే పంపమనండి.

మన వైపు జ్వరమనగానే విడాల్ టెస్ట్ చేయించి టైఫాయిడ్ అని తేల్చేస్తారు. టైఫాయిడ్ క్రిమి బయటినుంచి నీళ్లలో, తిండిలో వచ్చి పేగు గోడ దాటి రక్తంలోకి పోయేది, అది వేరే సంగతి. పాత టైఫాయిడ్ వల్లా, వ్యాక్సిన్ వల్లా, ఇంకో ఇన్‌ఫెక్షన్ వల్లా కూడా విడాల్ పాజిటివ్ రావచ్చు. ఆ ఒక్క కాగితం నమ్మి కూర్చోకండి, టైఫాయిడ్‌ని తేల్చడానికి కూడా కల్చరే మేలు.

రిపోర్టు చేతికొచ్చాక

ఈ. కొలి లాంటివి ఎక్కువసార్లు ఒకటి రెండు రోజుల్లోనే పెరుగుతాయి, ఏమీ పెరక్కపోతే ఐదు రోజులు చూసి నెగటివ్ ఇస్తారు. రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే ఆ మందు పనిచేస్తుందని, ఆర్ అని ఉంటే లొంగదని. నాయన రిపోర్టులో సగానికి పైగా ఆర్‌లే, ఊళ్లో వేసిన ఇంజెక్షన్ కూడా అందులో ఒకటి. ఈఎస్‌బీఎల్ అని రాసి ఉంటే మామూలుగా వాడే చాలా యాంటీబయాటిక్‌లని విరగ్గొట్టే ఎంజైమ్ ఆ బ్యాక్టీరియా దగ్గర ఉందని అర్థం, అప్పుడు మెరోపెనెమ్ లాంటివి వాడతారు.

డాక్టరుని అడగాల్సినవి మాత్రం వదలకండి. ఇది ఎక్కడినుంచి వచ్చింది? స్కాన్ తీస్తే అడ్డుపడిన రాయో చీము గడ్డో ఉంటే దాన్ని తీయకుండా మందులొక్కటే పోస్తే తగ్గదు. కల్చర్ చూశాక మందు మార్చొచ్చా? ఎన్ని రోజులు వాడాలి? ఈ చివరిదానికి ఇప్పుడు మంచి ఆధారం ఉంది. 2024లో వచ్చిన బ్యాలెన్స్ అనే పరిశోధనలో 7 దేశాల్లో 3,600 మందికి పైగా రోగులని చూస్తే, 7 రోజుల మందు 14 రోజుల మందుకి తీసిపోలేదని తేలింది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లని అందులో చేర్చలేదు, గుండె కవాటాలకి పాకినవాళ్ల లెక్క కూడా వేరు, కాబట్టి సొంతంగా ఆపేయకండి, అడగండి.

ఇంటికొచ్చాక

మిగిలిన మాత్రలు డబ్బాలో దాచి పక్కింటివాళ్లకి ఇవ్వొద్దు. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు రాయకుండా కొనకూడదని గుర్తు, 2016లో దీని గురించి కేంద్రం ప్రచారం కూడా చేసింది. రొయ్యల చెరువులు, కోళ్ల ఫారాలు ఉన్నవాళ్లకి ఇంకో మాట: చివరి ఆయుధంగా మనుషులకి వాడే కొలిస్టిన్‌ని కోళ్లకి, ఆక్వాకి, మేతలో కలపడానికి అమ్మకూడదని 2019లోనే నిషేధించారు. ఇంకా ఎవరైనా తెచ్చిస్తామంటే తీసుకోకండి.

యూరిన్ పైపు ఉన్నవాళ్ల సంచి ఎప్పుడూ పొత్తికడుపుకన్నా కిందనే వేలాడాలి, అవసరం తీరగానే పైపు తీయించమని అడగాలి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతోమంది, పగలే ఎక్కువ తాగించండి. గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం వాళ్ల లెక్క ప్రకారమే.

ఈ వేసవిలో నాయన మళ్లీ మంట అన్నాడు. సబ్జా నీళ్లు ఇస్తూనే ల్యాబ్‌కి వెళ్లి మూత సీల్ తీయని డబ్బా తెచ్చుకున్నాం. ముందు కొంచెం మూత్రం వదిలేసి, మధ్యలోది పట్టాలి, డబ్బా లోపల వేలు తగలకూడదు, రెండు గంటల్లోపు ల్యాబ్‌లో ఇవ్వాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ డబ్బా ఇచ్చొచ్చాకే డాక్టరు రాసిన మాత్ర మొదలుపెట్టాడు.