పాత కేథడ్రల్‌కి లైటింగ్: పని మొదలెట్టే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కేథడ్రల్ లాంటి 19వ శతాబ్దపు కట్టడంలో ముందు డ్రిల్లు పక్కన పెట్టండి.

• ఫాదర్ గారితో కూర్చుని పూజల వేళలు రాసుకోండి. ఒక సాయంత్రం పూజకి వెనక బెంచీలో కూర్చోండి. పాటల పుస్తకంలో అక్షరాలు ఎక్కడ మసకగా ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది.

• పాత సున్నపు గోడకి రంధ్రం పడితే పెచ్చులూడతాయి. క్లాంప్‌తో బిగించే వీలు చూడండి, వైర్లు కార్నిస్ (గోడ పైభాగంలో ముందుకు పొడుచుకొచ్చిన అంచు) పైన కనపడకుండా పోనివ్వండి. మేకు తప్పదంటే కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ని (పాత కట్టడాల సంరక్షణ నిపుణుణ్ణి) అడిగాకే.

• పాత వైరింగ్, ఎర్తింగ్, లోడ్ చెక్ చేయించాలి.

• 2700–3000 కెల్విన్ వెచ్చని వెలుగు, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 పైన ఉన్న ఎల్ఈడీలు తీసుకోండి. చర్చిలోని పాత వస్త్రాల మీద 50 లక్స్ (పడే వెలుగు కొలత), తైలవర్ణ చిత్రాల మీద 200 లక్స్ దాటనివ్వద్దు.

• బలిపీఠం దగ్గర నిలబడి చూడండి, ఫాదర్ గారి కళ్లలోకి లైటు కొట్టకూడదు. దివ్యమందసం (దివ్యసత్ప్రసాదం ఉంచే పెట్టె) దగ్గరి చిన్న ఎర్రదీపం మన లైట్లలో కలిసిపోతే ఆ డిజైన్ నేనైతే ఒప్పుకోను.

• ఆర్డర్ ఇచ్చే ముందు రెండు మూడు లైట్లు తాత్కాలికంగా పెట్టి, చీకటి పడ్డాక అందరికీ చూపించండి.